హల్వా కేసు, బరోడా షర్బత్తు, మా ఊరి కాగితం

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నా. మెస్‌లో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

నేను బీఏ హిస్టరీ సెకండియర్. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదట. ఈ గ్రూపులో ఇప్పటిదాకా మన్యం తిరుగుబాట్ల మీద, భూమి చట్టాల మీద మంచి పోస్టులు వచ్చాయి. నేను రాసేది విషం గురించి. కరెక్టుగా చెప్పాలంటే, విషం పెట్టి చంపబోయారు అన్న కేసుల చరిత్ర గురించి. ఇదేం టాపిక్కురా అనుకుంటారు. ఎందుకు పట్టుకున్నానో ముందు అదే చెప్తా.

నేను ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాసి ఊరికి వెళ్ళిన ఎండాకాలం. మాకు మావయ్య వరస అయ్యే ఒకాయన సాయంత్రం ఒక పెద్దమ్మ ఇంటి దగ్గర జీలుగు కల్లు తాగి వచ్చాడు. అర్ధరాత్రికి వాంతులు, విరేచనాలు, నోట్లోంచి నురగ. తెల్లారకముందే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళాం, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి. మనిషి బతికాడు, నాలుగో రోజు ఇంటికొచ్చాడు. కానీ ఆయన రాకముందే ఊళ్ళో తీర్పు అయిపోయింది. ఆ పెద్దమ్మకి మొగుడు లేడు. కామెర్లకి చెట్టు మందు ఇస్తుంది. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి తీసుకెళ్తారు. అదే ఆమె నేరమైంది. "మందు పెట్టింది" అన్నారు. రాత్రంతా కూర్చోబెట్టి అడిగారు. తెల్లవారుజామున ఆమె "సరే, పెట్టాను, వదిలేయండి" అంది. ఐదు వేలు తప్పు కట్టాలి, ఊరికి ఒక మేక ఇవ్వాలి అన్నారు. అప్పుడు ఒక పెద్దాయన నా వైపు తిరిగి "ఒరే, సదువుకున్నోడివి కదా, కాగితం నువ్వు రాయి" అన్నాడు.

నేనే రాశాను. నోట్‌బుక్‌లోంచి పేజీ చింపి, "నేను ఫలానా రోజు ఫలానా వారికి కల్లులో మందు పెట్టినట్టు ఒప్పుకుంటున్నాను" అని. అక్షరాలు గుండ్రంగా రాస్తానని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆమె వేలిముద్ర వేసింది. వారం తిరక్కుండా కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఇంతవరకు తిరిగి రాలేదు.

అప్పట్లో నాకు తప్పు అనిపించలేదు. నిజం చెప్తున్నా. నాలుగు అక్షరాలు వచ్చినందుకు ఊరికి పనికొచ్చానని గర్వపడ్డాను.

ఇప్పుడు నా రూమ్మేట్ అన్న ఒకడు లా చదువుతున్నాడు. పోయిన ఏడాది పరీక్షల ముందు అతను సెక్షన్లు పైకి చదువుతుంటే వింటూ పడుకున్నా. 307 వచ్చింది. సినిమాల్లో వినే "అటెంప్ట్ టు మర్డర్" అదే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో అది 109 అయ్యింది. మాట మాత్రం పెద్దగా మారలేదు. ఆ సెక్షన్ కింద చట్టమే కొన్ని ఉదాహరణలు ఇస్తుంది. అందులో ఒకటి విషం గురించి. నేను లేచి కూర్చున్నా.

ఆ ఉదాహరణ నా మాటల్లో చెప్తా. ఒకడు ఇంకొకడిని విషం పెట్టి చంపాలనుకున్నాడు. విషం కొన్నాడు. అన్నంలో కలిపాడు. ఆ అన్నం ఇంకా వాడి దగ్గరే ఉంది. ఇంతవరకు ఈ సెక్షన్ కింద నేరం కాలేదు. ఎప్పుడైతే ఆ అన్నం తీసుకెళ్ళి అవతలి వాడి ముందు పెట్టాడో, లేదా పెట్టమని పనివాడి చేతికి ఇచ్చాడో, అప్పుడు నేరం అయిపోయింది. తిన్నాడా లేదా, చచ్చాడా బతికాడా అన్నది ఆ తర్వాతి లెక్క. తినకపోయినా పదేళ్ళ దాకా జైలు. తిని దెబ్బతింటే యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు.

ఈ చట్టం పునాది మెకాలే కమిషన్ 1837లో తయారు చేసిన డ్రాఫ్టు. 1860లో చట్టమైంది, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళ మీద మనకు ఎన్ని కోపాలున్నా ఈ ఒక్క గీత జాగ్రత్తగా గీశారు అనిపిస్తుంది నాకు. మనసులో ఉన్నది ఒక్కటే చాలదు. చేతిలో ఉన్నది ఒక్కటే చాలదు. చంపాలన్న ఉద్దేశం ఉండాలి, ఆ ఉద్దేశంతో చేసిన పని కూడా ఉండాలి. రెండూ కలిస్తేనే 307.

ఇప్పుడు హల్వా కేసుకి వస్తా. లా స్టూడెంట్స్ అందరికీ తెలిసిన కేసు ఇది. 1912 నాటి మద్రాసు హైకోర్టు తీర్పు. అప్పుడు కోస్తా జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే కదా. పేర్లన్నీ తెలుగు పేర్లే. నిందితుడు సూర్యనారాయణమూర్తి. అతను చంపాలనుకున్న మనిషి అప్పల నరసింహులు. పేరులో "అప్పల" ఉందంటే మన ఉత్తరాంధ్ర మనిషే అయ్యుంటాడని నా ఊహ, ఊహ మాత్రమే.

నరసింహులు ప్రాణం మీద సూర్యనారాయణమూర్తి పెద్ద మొత్తాలకి ఇన్సూరెన్సు చేయించాడు. ఆ సంగతి నరసింహులుకి తెలీదు. మనిషి పోతే డబ్బు వస్తుంది. అందుకని తన బావ వరస బంధువు ఇంటికి నరసింహులుని రమ్మని, హల్వా పెట్టాడు. అందులో ఆర్సెనిక్, పాదరసం కలిపాడు. ఆర్సెనిక్ అంటే మన పెద్దవాళ్ళు పాషాణం అనేది. నరసింహులు కొంచెం తిని మిగతాది పారేశాడు. ఆ ఇంటి పిల్ల, నిందితుడికి మేనకోడలు, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు ఉంటాయి. ఆ పారేసిన హల్వా తీసుకుని తిన్నది. ఇంకో చిన్న పిల్లకి కూడా పెట్టింది. నిందితుడికి ఈ విషయం తెలీదు. పిల్లలిద్దరూ చనిపోయారు. నరసింహులు బాగా జబ్బుపడి చివరికి బతికాడు.

చంపాలనుకున్నవాడు బతికాడు. అనుకోని పిల్లలు పోయారు.

కింది కోర్టు, నరసింహులుని చంపబోయినందుకు ఏడేళ్ళ కఠిన శిక్ష వేసింది. ఆ పిల్ల హత్య విషయంలో మాత్రం వదిలేసింది. పిల్లని చంపాలని అతను అనుకోలేదు కదా అని. ప్రభుత్వం హైకోర్టుకి అప్పీలు వెళ్ళింది. అక్కడ ఇద్దరు జడ్జీలకి కుదరలేదు. బెన్సన్ అనే ఇంగ్లీషు జడ్జి ఇది హత్యే అన్నాడు. సుందరయ్యర్ గారు కాదన్నారు. హల్వా నరసింహులు పారేశాడు, పిల్ల తనంతట తను తీసుకుంది, నిందితుడి పనికీ ఈ చావుకీ మధ్య వేరే వాళ్ళ పనులు అడ్డొచ్చాయి అన్నది ఆయన వాదన. మూడో జడ్జి అబ్దుర్ రహీం దగ్గరికి వెళ్ళింది. ఆయన బెన్సన్ వైపు నిలిచారు. హత్యే అని తేల్చి ప్రవాస యావజ్జీవం వేశారు. చంపాలని ఒకరి మీద వేసిన దెబ్బ ఇంకొకరికి తగిలితే, ఉద్దేశం కూడా దానితో పాటే ఆ రెండో మనిషి మీదికి వెళ్తుంది అన్నది సూత్రం. అది 301 సెక్షన్, ఇప్పుడు 102. ఇంగ్లండులో ఇంకా పాత కథలున్నాయి. పెళ్ళాన్ని చంపాలని విషం పెట్టిన పండు ఇస్తే, ఆమె తెలియక కూతురికి పెట్టింది. అదీ హత్యే అన్నారు అక్కడి జడ్జీలు, పదహారో శతాబ్దంలోనే.

నాకు మొదట సుందరయ్యర్ గారి మాట సబబు అనిపించింది. అతనికి తెలీదు కదా, ఎలా బాధ్యుడవుతాడు? రూమ్మేట్‌తో రాత్రి ఒంటిగంట దాకా వాదించా. అతను ఒక్క మాట అడిగాడు, "పిల్లలున్న ఇంట్లో విషం హల్వా పెట్టినవాడు ఏం తెలీదంటాడు?" నా దగ్గర జవాబు లేదు. ఇంకో విషయం. ఈ కేసుని అందరూ సూర్యనారాయణమూర్తి కేసు అంటారు. ఆ పిల్ల పేరు తీర్పులో ఉంది కానీ ఎవరికీ గుర్తుండదు.

ఈ కేసులో నేను పట్టుకున్నది వేరే. కోర్టు ఎలా నమ్మింది? చంపడానికి కారణం కాగితం మీద ఉంది, ఇన్సూరెన్సు. కడుపులోకి వెళ్ళింది ఏ విషమో తెలుసు. ఎవరి చేతి నుంచి వెళ్ళిందో తెలుసు. మా ఊళ్ళో ఆ రాత్రి ఈ మూడింట్లో ఏది ఉంది? ఒక్కటీ లేదు. కల్లు కుండ తెల్లారేసరికి ఎవరో కడిగేశారు. వాంతులు మట్టి పోసి ఊడ్చేశారు.

విషం కేసుల్లో తంటా ఇదే. కత్తి గాయం కనిపిస్తుంది. పాషాణం వాంతులు, విరేచనాలు తెస్తుంది, కలరా లాగే. 1836లో జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లీషు కెమిస్టు ఆర్సెనిక్ కొంచెం ఉన్నా పట్టుకునే పరీక్ష కనిపెట్టేదాకా రుజువు చెయ్యడం చాలా కష్టం. మద్రాసులో ప్రభుత్వ కెమికల్ ఎగ్జామినర్ లాబ్ 1849లో వచ్చింది. అంటే కలకత్తా, బొంబాయి కంటే ముందు. ఇంకోపక్క బజార్లో పాషాణం అమ్మకం మీద అదుపు పెట్టే పాయిజన్స్ చట్టం దేశమంతటికీ వచ్చింది 1904లో. అప్పటిదాకా ఎలకల మందు అనో ఇంకేదో అనో కొనుక్కుని పోవడమే.

మన కొండల సంగతి వేరే. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరుకే "గవర్నర్ ఏజెంటు" అని హోదా ఇచ్చి సివిలు, క్రిమినలు అధికారం రెండూ అతని చేతికే ఇచ్చారు. మనం రోజూ "ఏజెన్సీ" అంటాం కదా, ఆ మాట వచ్చింది ఆ ఏజెంటు నుంచే.

ఇక బరోడా. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన కథ, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

1874లో బరోడా మహారాజు మల్హర్ రావు గైక్వాడ్. అతను మంచివాడేం కాదు. అన్న ఖండేరావు రాజుగా ఉన్నప్పుడు అతన్ని చంపడానికి కుట్ర చేశాడన్న అనుమానంతో కొన్నేళ్ళు బందీగా ఉన్నాడు. అన్న చనిపోయాక 1870లో గద్దె ఎక్కాడు. బ్రిటిష్ రెసిడెంట్ కల్నల్ ఫేర్‌కీ ఇతనికీ పడలేదు. ఫేర్ పైకి ఫిర్యాదులు రాస్తాడు, ఇతను ఫేర్‌ని మార్చమని వైస్రాయికి ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం వెళ్ళిన వారానికే, 1874 నవంబర్ 9న, ఫేర్ పొద్దున వాకింగ్ చేసొచ్చి బల్ల మీద పెట్టిన పంపర పనస షర్బత్తు రెండు గుటకలు తాగాడు. తేడాగా అనిపించి మిగతాది పారబోశాడు. గ్లాసు అడుగున ఏదో మడ్డి కనిపించింది.

ఆ మడ్డిని ఆయన పారెయ్యలేదు చూడండి. రెసిడెన్సీ డాక్టరుకి ఇచ్చాడు. అక్కడి నుంచి బొంబాయి కెమికల్ ఎనలైజర్‌కి వెళ్ళింది. ఆర్సెనిక్, దాంతో పాటు వజ్రం పొడి అని రిపోర్టు.

ప్రభుత్వం ఫేర్‌ని తప్పించి సర్ లూయీ పెల్లీని పంపింది. దర్యాప్తుకి బొంబాయి పోలీస్ కమిషనర్ సూటర్ వచ్చాడు. రెసిడెన్సీ పనివాళ్ళు రావుజీ, నర్సు ఇద్దరూ పట్టుబడ్డారు. రావుజీకి క్షమాభిక్ష మాట ఇచ్చారు. మహారాజు దగ్గరి నుంచి పొట్లాలు వచ్చాయి, నేనే షర్బత్తులో వేశాను అని అతను చెప్పాడు. అతని బెల్టులో ఒక చిన్న ఆర్సెనిక్ పొట్లం కూడా పోలీసులకి దొరికింది. 1875 జనవరిలో మహారాజుని అరెస్టు చేశారు. ఒక రాజుని బ్రిటిష్ వాళ్ళు ఇలా విచారణకి నిలబెట్టడం దేశమంతా గగ్గోలు.

విచారణకి ఆరుగురి కమిషన్ వేశారు. కలకత్తా హైకోర్టు చీఫ్ జస్టిస్ కౌచ్ అధ్యక్షుడు. ఇంకా ఇద్దరు ఇంగ్లీషు అధికారులు. మన వైపు నుంచి గ్వాలియర్ సింధియా, జైపూర్ మహారాజు, సర్ దినకర్ రావు. మహారాజు తరఫున లండన్ నుంచి సార్జెంట్ బాలంటైన్ అనే పేరుమోసిన లాయరు ఓడెక్కి వచ్చాడు. సాక్షుల్ని చీల్చి చెండాడాడు. బెల్టులో పొట్లం ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకుండా ఇప్పుడే ఎలా దొరికింది? క్షమిస్తామంటే చెప్పిన మాటకి విలువెంత? రెసిడెంటుని మార్చమని ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురు చూస్తున్నవాడు అతన్ని చంపుకుంటాడా?

చివరికి ముగ్గురు ఇంగ్లీషు వాళ్ళు నేరం చేశాడన్నారు. ముగ్గురు భారతీయులు రుజువు కాలేదన్నారు. సరిగ్గా సగం సగం. అప్పుడు వైస్రాయి నార్త్‌బ్రూక్ ఏం చేశాడు? విషం కేసు పక్కన పెట్టి, పాలన సరిగ్గా లేదన్న కారణం చూపించి 1875 ఏప్రిల్‌లో మల్హర్ రావుని గద్దె దించేశాడు. మద్రాసుకి పంపేశారు, అక్కడే 1882లో పోయాడు. బరోడాలో పన్నెండేళ్ళ పిల్లాడిని దత్తత చేయించి కూర్చోబెట్టారు. ఆ పిల్లాడే శాయాజీరావు, పెద్దయ్యాక అంబేద్కర్ గారిని 1913లో అమెరికా చదువుకి పంపిన మహారాజు. షర్బత్తు గ్లాసుకీ కొలంబియా యూనివర్సిటీకీ ఉన్న చుట్టరికం చూసి నేను లైబ్రరీలోనే నవ్వుకున్నా.

ఈ కథలో నేరం ఎవరు చేశారో నేను తేల్చలేను. నాకు పట్టింది ఏంటంటే, ఒక మనిషికి లాయరు ఉంటే, అడిగే నోరు ఉంటే, "ఒప్పుకున్నాడు కదా" అన్న మాట ఎంత పల్చనిదో బయటపడుతుంది. అప్పటికే 1872లో సాక్ష్య చట్టం వచ్చింది. పోలీసుకి ఇచ్చిన ఒప్పుకోలు నిందితుడి మీద వాడకూడదు, అధికారంలో ఉన్నవాళ్ళు బెదిరించో ఆశ పెట్టో రాబట్టింది చెల్లదు అని అందులో ఉంది. కొత్త చట్టంలోనూ ఉంది. మా పెద్దమ్మకి బాలంటైన్ ఎక్కడి నుంచి వస్తాడు? రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోబెడితే, తెల్లారి నేను కాగితం రాశా.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. 307 పక్కనే 328 అని ఇంకో సెక్షన్ ఉంది, ఇప్పుడు 123. చంపాలని కాకుండా, హాని చెయ్యాలనో, దోచుకోవాలనో విషం గానీ మత్తు గానీ ఇస్తే అది. పదేళ్ళ దాకా శిక్ష. దారిన పోయే బాటసారికి అన్నంలోనో, మిఠాయిలోనో ఉమ్మెత్త గింజలు కలిపి పెట్టి, ఒళ్ళు తెలీకుండా పడిపోయాక మూటలు పట్టుకుపోవడం ఆ రోజుల్లో పెద్ద బెడద. ఠగ్గుల్ని పట్టడానికి పెట్టిన ఠగ్గీ డిపార్ట్‌మెంట్ తర్వాతి కాలంలో ఈ ఉమ్మెత్త ముఠాల మీద కూడా పడింది.

అయితే ఆ ఠగ్గుల కోసం 1836లో చేసిన చట్టం చూడండి. ఠగ్గుల ముఠాకి చెందినవాడు అని రుజువైతే చాలు, యావజ్జీవం. ఫలానా రోజు ఫలానా వాడిని చంపాడని చూపించక్కర్లేదు. అదే ప్రభుత్వం 1860లో, చేసిన పని చూపించు, ఉద్దేశం చూపించు అనే చట్టం రాసింది. పదకొండేళ్ళకి 1871లో మళ్ళీ వెనక్కి తిరిగి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. ఈసారి ముఠా కూడా అక్కర్లేదు, పుట్టుక చాలు. తెగ మొత్తం దొంగలని గెజిట్లో రాసి, హాజరు వేయించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది 1911 చట్టంతో వచ్చింది. మన ఎరుకల అన్నలు, అక్కలు ఈ గ్రూపులో ఉన్నారు, నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. బాపట్ల వైపు స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఎలా వచ్చిందో వాళ్ళ తాతలు చెప్పుంటారు. 1952లో ఆ చట్టం ఎత్తేశారు. ఊరి పేరు చెప్తే ఎదుటివాడు చూసే చూపు ఇంకా పోలేదని ఒక జూనియర్ తమ్ముడు నాతో అన్నాడు.

తారీఖులు మళ్ళీ చూడండి. హల్వా కేసులో సూర్యనారాయణమూర్తిని మూడు కోర్టు బుర్రలు, నువ్వు ఏం చేశావు, ఏం అనుకున్నావు, నీ పనికీ ఆ చావుకీ లింకు ఏంటి అని వెంట్రుక చీల్చినట్టు చర్చించాయి. ఆ కాలంలోనే, అదే ప్రెసిడెన్సీలో, ఏమీ చెయ్యని మనుషులు పుట్టుక వల్ల పోలీసు స్టేషన్లో హాజరు చెప్పాల్సి వస్తోంది. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. కాసేపయ్యాక సిగ్గేసింది. మా ఊళ్ళో ఆ రాత్రి మేం నడిపింది 1860 చట్టం కాదు, 1871 చట్టం. ఆమె ఏం చేసింది అని ఎవరూ అడగలేదు. ఆమె ఎవరు అన్నదే అడిగారు. మొగుడు లేనిది, మందులు తెలిసింది. అంతే.

మందు పెట్టడం అనేదే ఉండదు అని నేను అనట్లేదు. ఉంటుంది. ఇప్పుడు పాషాణం కంటే ప్రతి ఇంట్లో చూరు కింద ఉండే పురుగుమందు డబ్బాతోనే భయం. మరుగుమందు అని మొగుడు వశం కావాలని ఏదో వేరు నూరి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ చంపే ఉద్దేశం లేదు కాబట్టి 307 కాదు, కానీ మనిషికి ప్రమాదమైతే నిర్లక్ష్యం కింద వేరే సెక్షన్లున్నాయి. ఎవరైనా నిజంగా విషం పెడితే వదిలెయ్యమని కాదు నా మాట. అలాంటప్పుడు కుండ కడగకూడదు. వాంతి కొంచెం శుభ్రమైన సీసాలో పట్టి మూత పెట్టాలి. ఆసుపత్రిలో "విషం అనుమానం" అని గట్టిగా చెప్పాలి. అప్పుడు వాళ్ళు కడుపు కడిగిన నీళ్ళు సీలు వేసి పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ లాబ్‌కి పంపిస్తారు. కల్నల్ ఫేర్ గ్లాసు దాచినట్టు.

స్వతంత్రం వచ్చాక సుప్రీంకోర్టు కూడా ఈ ముడి విప్పడానికి చాలా తన్నుకుంది. 1956లో పూనా డాక్టర్ లాగూ, తన పేషెంటు అయిన ఒక వితంతువుని రైల్లో బొంబాయి తీసుకెళ్ళాడు. ఆమె స్పృహ లేకుండా ఆసుపత్రిలో చేరి చనిపోయింది. శవంలో ఏ విషమూ దొరకలేదు. కానీ తర్వాత అతను ఆమె ఆస్తంతా దొంగ సంతకాలతో లాక్కున్న తీరు, చావుని దాచిన తీరు చూసి ఉరిశిక్ష ఖాయం చేశారు. అక్కడ కూడా ఒక జడ్జి ఒప్పుకోలేదు. 1984లో శరద్ సర్దా కేసులో కోర్టు నాలుగు విషయాలు చూడమంది: చంపడానికి గట్టి కారణం ఉందా, పోయింది విషం వల్లేనా, ఆ విషం నిందితుడి దగ్గర ఉందా, పెట్టే అవకాశం అతనికి దొరికిందా. ఆ కేసులో ఉరిశిక్ష పడిన మనిషిని వదిలేశారు. ఇవి చావు కేసులే. కానీ మనిషి బతికిన కేసులో కూడా నేను ఇవే ప్రశ్నలు వేసుకుని చూశా, మా పెద్దమ్మ విషయంలో. కారణం? ఆయనతో ఆమెకి తగువే లేదు. విషమా? ఎవరూ పరీక్ష చేయలేదు. ఆమె దగ్గర ఉందా? ఇల్లంతా వెతికితే ఎండు వేర్లు దొరికాయి, కామెర్లవి. అవకాశం? అదే కుండలోంచి ఆ సాయంత్రం ఇంకో ముగ్గురు తాగారు. అందులో మా నాన్న ఒకడు. నాన్నకి ఏమీ కాలేదు.

ఈ చివరి మాట ఆ రాత్రి కూడా అందరికీ తెలుసు. నాన్న చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాగితం రాస్తున్నా కదా, చేతిలో పెన్ను ఉంది, నోరు లేదు.

మొన్న ఫోన్‌లో నాన్నని అడిగా, ఆ కాగితం ఎక్కడుందని. పెద్దాయన ఇంట్లో రేకు పెట్టెలో, రేషన్ కార్డులతో పాటు దాచాడంట. "ఇప్పుడు అదెందుకురా నీకు" అన్నాడు. ఇటుకల పండక్కి ఊరెళ్తున్నా. పెద్దాయన్ని అడుగుతా. రాసింది నేనే కాబట్టి నాకు ఇవ్వమంటా. ఇస్తే, అది పట్టుకుని ఆ పెద్దమ్మ కూతురి ఊరికి వెళ్తా. మా ఊరి నుంచి గెడ్డ దాటి రెండు గంటల నడక. ఇవ్వకపోయినా వెళ్తా, వెళ్ళి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. మీలో ఎవరి ఊళ్ళోనైనా ఇలాంటి కాగితం రాయించి ఉంటే, తర్వాత దాన్ని ఏం చేశారో కింద రాయండి.